గోడెక్కిన రింగులు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటాను. తక్కిన సంగతి చెప్పడం అప్పుడు కొంచెం సులువు. తొమ్మిదేళ్ళపాటు ఊపిరి లేని ఇంజను మీద ఇంజను పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ ఊపిరి తీసినవాణ్ణీ నేనే. తీసి ఊరుకున్నానా, చెక్క బోర్డుకి మేకులు కొట్టి గోడకి వేలాడదీశాను. కింద తెల్ల పెయింటుతో పేర్లు కూడా రాశాను. నా చేతిరాత బాగుంటుందని డిపార్టుమెంటులో పేరుండేది. తలరాతల సంగతి అప్పటికి ఆలోచించలేదు.

నర్సీపట్నం నా ఆఖరి పోస్టింగు. హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరు, వాడుకలో ఏటీవో. ఊళ్ళో కొందరు ఆర్టీవో అనుకుని లైసెన్సుల గురించి అడిగేవారు. స్టీరింగు పట్టుకునే యోగం నాకు లేదండీ, స్పానరుతోనే సరిపెట్టుకున్నాను అని చెప్పి పంపేవాణ్ణి. నేను చెప్పబోయేది రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెలలో మొదలైంది. మా శిక్షణ కేంద్రానికి అనుబంధంగా కమ్యూనిటీ కాలేజీ అని ఒక విభాగం ఉండేది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకి, చదువుకునే వయసు దాటిపోయినవాళ్ళకి ఆరునెలల కోర్సులు. వాటిలో 'జనరల్ మెకానిక్స్, రిపేర్లు' నా కిందికి వచ్చింది. మా షెడ్డులో పెద్ద వయసువాళ్ళు కూర్చోవడం కొత్త. కొందరికి నాకంటే ఎక్కువ నెరిసింది.

కోర్సు క్రమం ఇలా ఉండేది. మొదటి ఆరువారాలు ఫైలింగు, అంటే ఆకురాయితో ఇనుప దిమ్మని చదును చెయ్యడం. మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనబడకూడదు. ఈ ఆరువారాల్లో అరిగేది ఇనుమా మనిషా అన్నది తేల్చడం కష్టం. తర్వాత డ్రిల్లింగు, వెల్డింగులో ఓనమాలు, నీటి పంపులు. చివర మూడు నెలలు డీజిల్ ఇంజను.

ఆ ఇంజను షెడ్డు మధ్యలో సిమెంటు దిమ్మ మీద ఉండేది. ఐదు హార్స్‌పవర్ల, ఒకే సిలిండరున్న పాతకాలపు ఇంజను. చెరకు తోటలకి నీళ్ళు తోడినవీ, ఊళ్ళలో పిండిమరలు తిప్పినవీ ఒకప్పుడు ఇవే. నేను చేరిన మొదటి ఏడాది దాని పిస్టను రింగులు ఊడదీశాను. పిస్టనుకీ సిలిండరుకీ మధ్య సందుని మూసేవి రింగులే. అవి ఉంటేనే లోపలి గాలి నలుగుతుంది, నలిగితేనే వేడెక్కుతుంది, వేడెక్కితేనే డీజిలు అంటుకుంటుంది. దాన్నే కంప్రెషన్ అంటాం. అయితే లోపలున్న రింగులు చదువుకునేవాళ్ళకి కనబడవు కదా అని బోర్డు మీదకి ఎక్కించాను. ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి బోర్డు చూసి మెచ్చుకున్నాడు. కొత్త రింగుల కోసం ఇండెంటు, అంటే సామాను అడుగుతూ పైకి పెట్టే కాగితం పెట్టాను. ప్రిన్సిపాలు గారు షెడ్డుకి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని ఇంజనుని ఒక్క చేత్తో గిరగిరా తిప్పి చూశారు.

"బాగానే తిరుగుతోంది కదా మాస్టారూ!"

తిరిగిన మాట నిజమే. లోపల గాలి ఆగకపోతే పసిపిల్ల కూడా తిప్పుతుంది. మళ్ళీ ఏడు అడిగాను, ఆ పై ఏడూ అడిగాను, తర్వాత అడగడం మానేశాను. ఇంజనుకి కంప్రెషన్ లేదు, నాకు ఒత్తిడి లేదు. ఇద్దరం హాయిగా తిరిగాం. ప్రతి బ్యాచీ దాన్ని ముక్కముక్కలుగా విప్పేది, తుడిచేది, బిగించేది. చివర ఒకరు హ్యాండిల్ తిప్పితే ఫ్లైవీలు, అంటే పక్కనున్న బరువు చక్రం తిరిగేది, అందరూ చప్పట్లు కొట్టేవారు. రికార్డు పుస్తకాల్లో 'ఇంజను స్టార్ట్ చేయు విధానము' అని రాసుకునేవారు. స్టార్ట్ అయిన ఇంజనుని మాత్రం ఎవరూ చూసి ఎరగరు.

ఆ బ్యాచీలో చిన్నమ్మి అనే ఆవిడ ఉండేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చింతపల్లి ఘాటు మీద బస్సు దిగి గంటన్నర నడిస్తే వాళ్ళ ఊరు. నర్సీపట్నంలో చుట్టాలింట్లో ఉంటూ క్లాసుకి వచ్చేది. మొదటి రోజు ఎందుకు చేరారో ఒక్కొక్కరినీ అడిగాను. మాకవరపాలెం నుంచి వచ్చే అప్పలనాయుడు, బావి మోటారు కాలిపోయినప్పుడల్లా మెకానిక్కు కాళ్ళు పట్టుకోలేక చేరానన్నాడు. చిన్నమ్మి లేచి నిలబడి సూటిగా చెప్పింది.

"మా ఊర్ల పిండిమిల్లు మా ఆయన నడిపీవోడండి. జొరమొచ్చి పోనాడు. రెండు వానాకాలాలయింది, ఇంజను మూలబడిపోనాది. మా మరిది పాత ఇనుముకి అమ్మేస్తానంటన్నాడు. ఆరు నెల్లు ఆగు, నాను నేర్సుకొచ్చి ఆడిస్తానన్నాను. ఆగుతానన్నాడు."

"ఆగకపోతేనో?" అన్నాడు అప్పలనాయుడు.

"ఆగకపోతే ఊరందరం తిరగలే. నీలాగ కూకొని మాటాడ్డానికి టయిముండదు బాబూ."

షెడ్డంతా నవ్వింది. అప్పలనాయుడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆవిణ్ణి 'మిల్లోనరమ్మ' అని పిలవడం మొదలుపెట్టాడు.

ఫైలింగులో ఆవిడ అందరినీ దాటిపోయింది. సందులోంచి వెలుగు కనబడని దిమ్మ మొదట ఆవిడదే. రెండు చేతుల బరువూ సమానంగా ఎలా వేస్తున్నావమ్మా అని అడిగితే, తిరగలి తిప్పిన చేతులండీ అంది. నేను కొలత పరికరంతో చూసి తెలుసుకునేది ఆవిడ బొటనవేలితో తడిమి చెప్పేది. హస్తవాసి వైద్యులకే ఉంటుందనుకుంటాం. మెకానిక్కులకీ ఉంటుంది. అయితే చాలామందికి ఉండదు, నాలాంటివాళ్ళు బోర్డులు రాస్తారు.

సెప్టెంబరులో ఇంజను దగ్గరికి వచ్చాం. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి ఇంజనుని చేత్తో స్టార్ట్ చెయ్యడానికి ఒక పద్ధతుంది. తల మీద చిన్న లివరు ఉంటుంది. దాన్ని ఎత్తితే లోపలి గాలి బయటికి పోతుంది, తిప్పడం తేలిక. అలా ఎత్తి ఉంచి, హ్యాండిల్ తిప్పి, ఫ్లైవీలు మంచి వేగం అందుకున్నాక లివరు దించాలి. వేగం అందకముందే దించామా, లోపల డీజిలు తొందరపడి అంటుకుని పిస్టనుని వెనక్కి తంతుంది. ముందుకి తిరిగితే హ్యాండిల్ దానంతటది జారి చేతికి వచ్చేస్తుంది. వెనక్కి తిరిగితే మాత్రం వదలదు, చేతిని పట్టుకుని తిరుగుతుంది. అందుకే హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పి బిగించకూడదు. నాలుగు వేళ్ళ పక్కనే, అదే వైపు ఉంచాలి. ఎదురు తన్నినా చెయ్యి ఊడి వచ్చేస్తుంది.

ఈ మాటలు నా మొదటి పోస్టింగులో కోర్సు మొత్తంమీద యాభైసార్లు చెప్పేవాణ్ణి. నర్సీపట్నం షెడ్డులో ఒక ఏడు చెప్పాను, రెండో ఏడు చెప్పాను. లివరు ఎత్తినా దించినా మా ఇంజను ఒకేలా తిరిగేది. ఎదురు తన్నడానికి దానిలో ఏముంది? చెప్పిందానికి కళ్ళెదుట సాక్ష్యం కనబడకపోతే మాట దానంతటదే రాలిపోతుంది. ఎప్పుడు రాలిందో నాకే తెలియదు. నా బ్యాచీలన్నీ ఆ హ్యాండిల్‌ని నూతి దగ్గర బకెట్ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకునేవి.

"ఇది మా గానుగెద్దు కంటే సాధువండి మాస్టారూ" అనేవాడు అప్పలనాయుడు ఒంటిచేత్తో తిప్పుతూ. నేనూ నవ్వేవాణ్ణి.

దసరా సెలవులిచ్చారు. చిన్నమ్మి వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి రికార్డు పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ సరి చూసుకుంది. డీజిలు చిమ్మే నాజిలు కడగడం, డీజిలు పైపులో గాలి తియ్యడం, వాల్వుల దగ్గర టాపెట్ సందు సరిచెయ్యడం. అన్నీ వరసగా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. నేనే చెప్పనిది ఆవిడ ఎలా అప్పజెబుతుంది? వెళ్ళిరామ్మా, ఆడుతుంది అని దీవించాను.

సెలవులయ్యాక రాలేదు. రెండు వారాలు చూశాం. కార్తీక మాసం మొదలయ్యాక ఒక సోమవారం వచ్చింది. కుడిచేతికి మోచేతి దాకా వెదురుబద్దల కట్టు. బొటనవేలు కట్టులోంచి బయటికి, ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. తన బల్ల దగ్గర కూర్చుంది.

ఏమైందని అడిగితే చెప్పింది. దసరా సెలవుల్లో ఇంజను విప్పి నాలుగు రోజులు కూర్చుని బాగు చేసింది. ఊరంతా చూడ్డానికి వచ్చారు. మరిదీ వచ్చాడు. క్లాసులో లాగే పట్టుకుని, క్లాసులో లాగే రెండు చుట్లు తిప్పి లివరు దించింది. ఇంజను వెనక్కి కొట్టింది.

"మరి ఆసుపత్రికి?"

"మా దగ్గిర కట్టు కట్టేవోడున్నాడండి. సరిగ్గా పడనేదు."

తర్వాత ఆవిడే, నిష్ఠూరం లేకుండా, పాఠంలో అర్థంకాని ముక్క అడిగినట్టు అడిగింది.

"మాస్టారండీ, మన ఇంజను ఎన్నిసార్లు తిప్పినా ఒక్కపాలైనా ఎనక్కి కొట్టనేదు. మాది ఎందుకు కొట్టిందండీ? నాను బిగించడంల ఏటి తప్పు సేసేను?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. తెలియనివాటికి రేపు చెబుతానని తప్పించుకున్నాను. దీనికి జవాబు తెలుసు, అందుకే కష్టమైంది. నీ తప్పేమీ లేదమ్మా, నీ ఇంజను సరిగ్గా ఉంది కాబట్టే కొట్టింది, మన ఇంజనుకి రింగులు లేవు అని చెప్పాను. ఎక్కడున్నాయంది. గోడకేసి చూపించాను.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. నేను రాసిన తెల్ల అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "కం-ప్రె-ష-న్ రిం-గు." ఎడమచేతి వేలితో రింగుని ఒకసారి తడిమింది.

"ఇయ్యి ఇక్కడున్నాయా" అంది. అంతే.

అప్పలనాయుడు మాత్రం ఊరుకోలేకపోయాడు. "అయితే మాస్టారూ, మేం ఇన్నాళ్ళూ తిప్పింది ఏటండి?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అసలు దెబ్బ ఆ తర్వాత విన్నాను. చిన్నమ్మిని కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయాక, చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఇంజన్లు తెలిసిన ఒకాయన మళ్ళీ తిప్పాడట. మొదటి దఫాకే అందుకుంది. పొగ నల్లగా వచ్చి, పలచనై, సమంగా కొట్టుకుంది. ఆవిడ చేసిన రిపేరు అంత కచ్చితం. ఆడని ఇంజనుకి పాత ఇనుము బేరమే వచ్చేది, మరిది ఇంకా ఆగేవాడు. ఆడే ఇంజను కాబట్టి కొండ దిగువనుంచి కొనేవాడు వారంలో వచ్చేశాడు. చెయ్యి విరిగిన ఆడది ఎలాగూ నడపలేదన్నాడు మరిది. ఇంజను దింపేటప్పుడు ఏ బోల్టు ముందు విప్పాలో ఆవిడే దగ్గరుండి చెప్పిందట.

డిసెంబరులో ప్రాక్టికల్ పరీక్ష. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ముందు నాలుగు గంటలు ఫైలింగు చెయ్యాలి, కట్టు చేత్తో కుదరదు. ఆవిడకి రెండు నెలల తర్వాత విడిగా పరీక్ష పెట్టమనీ, గాయానికి మా షెడ్డు బోధనలో లోపం కారణమనీ కాగితం రాసి ప్రిన్సిపాలు గారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"లోపం అన్న మాట కాగితం మీద ఎందుకు మాస్టారూ? మీకే ఇబ్బంది. గాయం అయింది మన ఆవరణలో కాదు. పట్టుకునే విధానం బోధించబడినది అని రాయండి, సరిపోతుంది."

బోధించబడినది. ఈ రకం వాక్యంలో కర్త కనబడడు, ఆఫీసులకి అది మహా సౌకర్యం. 'సదరు శిక్షణార్థికి హ్యాండిల్ పట్టుకొను విధానము బోధించబడినది. గాయము స్వయంకృతము' అని నా మంచి చేతిరాతతోనే రాసి సంతకం పెట్టాను. పెన్షను దగ్గర పడుతోంది, ఇంక్వైరీ అంటే భయం వేసింది. వేరే కారణం వెతికితే దొరకదు. విడిగా పరీక్ష పెట్టలేదు. రిజిస్టరులో ఆవిడ పేరుకి ఎదురుగా గైర్హాజరు అని పడింది. అదీ నా రాతే.

ఒక్కసారే మళ్ళీ కనబడింది. వేసవిలో కృష్ణదేవిపేట వెళ్తూ షేర్ ఆటో ఎక్కితే లోపల కూర్చుని ఉంది. ఎడమచేత్తో నమస్కారం పెట్టి జరిగి చోటిచ్చింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఏం చేస్తున్నావమ్మా అని అడిగాను.

"తిరగలి తిప్పుతన్నానండి. ఎడం సేత్తో అలవాటయిపోనాది." నా మొహం చూసి, నన్ను తేలికపరచడానికి అనుకుంటాను, నవ్వింది. "తిరగలి ఎనక్కి కొట్టదు మాస్టారండీ."

దిగేటప్పుడు నా సంచీ కూడా ఆవిడే ఎడమచేత్తో అందించింది.

ఆ జూన్‌లో కొత్త బ్యాచీ మొదలవ్వక ముందే బోర్డు దించాను. మేకులు ఊడదీసి రింగులు కిరసనాయిల్లో నానబెట్టాను. అప్పలనాయుడు కోర్సు అయిపోయినా మూడు రోజులు వచ్చి సిలిండరు లోపలి తుప్పు గీకాడు. పిలవకుండానే వచ్చాడు, ఒక్క వెటకారమూ ఆడలేదు. రింగులెక్కించి, నాజిలు కడిగి, నా స్కూటరు కోసమని చెప్పుకుని బంకులో డీజిలు పట్టించుకొచ్చాను. స్కూటరుకి డీజిలేమిటని బంకువాడు అడగలేదు, నన్ను అందరూ అప్పటికి అర్థం చేసుకున్నారనుకుంటాను. ఇంజను నాలుగో ప్రయత్నానికి అందుకుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి షెడ్డు గోడలు అదిరాయి. సంతోషం కలగలేదు. ఇంత తేలికా అనిపించింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్నదే. యంత్రం ఎదురు తిరిగే అవకాశం లేని చోట నేర్పేది యంత్రవిద్య కాదు. నేర్పేవాడు ప్రమాదాన్ని తనకి అనుకూలంగా తీసేస్తే అది పోదు, నేర్చుకున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుంటుంది. ఇక రిటైరయ్యేదాకా ఏ బ్యాచీకైనా నా మొదటి పాఠం బొటనవేలే.

మా దగ్గర కొత్త బ్యాచీ ప్రారంభం నాడు ఒక ఆనవాయితీ ఉండేది. అతిథుల ముందు ప్రిన్సిపాలు గారు ఇంజను హ్యాండిల్ పట్టుకుని తిప్పుతుండగా ఫొటో తీసి వార్షిక నివేదికలో వేసేవారు. ఆ ఏడు కూడా తెల్లచొక్కాలో వచ్చారు. రింగులెక్కిన సంగతి ఆయనకి చెప్పలేదు. డీజిలు కుళాయి ముందే కట్టేశాను, పగ ఉన్నా ఆయన చేతికి హాని జరగనివ్వను. లివరు మాత్రం దించి ఉంచాను. ఆయన ఫొటోగ్రాఫరు వైపు నవ్వుతూ ఒక్క చేత్తో తిప్పబోయారు. హ్యాండిల్ పావు చుట్టు వచ్చి ఆగిపోయింది. రెండు చేతులూ వేశారు. కదల్లేదు. అతిథులు చూస్తున్నారు, ఇరవైమంది కొత్త శిక్షణార్థులు చూస్తున్నారు.

"ఏమిటి మాస్టారూ, బిగుసుకుపోయింది?"

"బిగుసుకుపోలేదండి. ఇప్పుడు బతికుంది" అన్నాను. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాను. "బొటనవేలు వేళ్ళ పక్కకి తీసుకోండి సార్. పోయిన బ్యాచీకి నేను ఈ మాట చెప్పలేదు. చెప్పినట్టు కాగితం రాసింది అబద్ధం. ఒకావిడ చెయ్యి పోయింది."

అతిథుల్లో ఒకాయన ఎవరావిడ అని అడిగాడు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ప్రిన్సిపాలు గారు హ్యాండిల్ వదిలి పక్కకి జరిగారు. ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే నొక్కాడు. ఆ ఏటి నివేదికలో ఫొటో పడింది. ఇంజను మధ్యలో ఉంది, సార్ పక్కన నిలబడి ఉన్నారు, చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి.